ఒకే నేలపై రెండు సభలు

ఒక ప్రాంతము నేలుటకు మెట్టుపై మెట్టుగా ఎన్ని సభలు ఉండవలెను, అందు రెంటిని కలిపి ఒక్కటి చేసినచో ప్రజలకు సౌకర్యము కలుగునా, లేక సౌకర్యమను పేరిట అధికారము వారికి మరి నాలుగు ఆమడలు దూరమగునా యను ప్రశ్న ఫ్రాన్సు దేశమును నలుబది ఏండ్లుగా వేధించుచున్నది. అదే ప్రశ్న, పేరు వేరైనను, అంత చప్పుడు లేకుండ, మన కనిగిరి సీమను నూరేండ్లకు పైగా వెంటాడుచునే యున్నది. అచ్చట దానినిగూర్చి పలుమారు ప్రజల నడిగిరి. ఇచ్చట ఒక్కమారైనను అడుగలేదు. భేదము ఇంతటితో తీరినచో ఈ వ్యాసము వ్రాయ నక్కరలేదు. అంతకంటె లోతైన భేద మొకటి కలదు. దానిని చూపుటకు ముందు ఫ్రాన్సు సంగతి కొంత చెప్పవలసి యున్నది.

విప్లవకాలమున, 1790లో, ఏర్పడిన డిపార్టుమెంటు మన జిల్లా వంటిది. దానిపైన రీజియన్ అను పెద్ద విభాగమును 1972లో నామమాత్రపు సంస్థగా నిలిపి, 1982 మార్చి 2 నాటి చట్టముతో దానికి ఎన్నికైన సభను ప్రసాదించిరి. ప్రధాన భూభాగమున ఒక్కొక్క రీజియనులో అనేక డిపార్టుమెంటులు ఇమిడి యుండుటచే ఈ ఏర్పాటు ఎట్లో పొసగినది గాని, సముద్రము లావలి సీమలకు వచ్చుసరికి చిక్కు పుట్టినది. మార్టినిక్, గ్వాడెలూప్, గయానా, రీయూనియన్ అను నాలుగు పాత వలసరాజ్యములు, కవియు ప్రజాప్రతినిధియునగు ఎమే సెజేర్ సభలో వాదించి నెగ్గించిన 1946 మార్చి 19 నాటి చట్టముచే డిపార్టుమెంటులైనవి. 1982 తరువాత వీనిలో ప్రతి యొక్కటియు తానే డిపార్టుమెంటు, తానే రీజియన్. ఎల్ల లొకటే, జనులు వారే, సభలు రెండు. అధ్యక్షు లిద్దరు, ఖజానాలు రెండు, బంట్రోతులు రెండింతలు. ఈ చోద్యమును ముందుగనే గ్రహించిన పారిస్ ప్రభుత్వము ఆ సీమలకు ఒకే సభ చాలునని చట్టము చేయగా, డిపార్టుమెంటు సభ తక్కిన దేశమున ఎట్లున్నదో అచ్చటను అట్లే యుండవలెనని రాజ్యాంగ మండలి 1982 డిసెంబరు 2న దానిని కొట్టివేసినది. ఆ ముడి విప్పుటకు రాజ్యాంగమునే సవరింపవలసి వచ్చినది. 2003లో జరిగిన ఆ సవరణ, రెండు సంస్థలకు బదులు ఒకదానిని నెలకొల్పవచ్చును గాని, ఓటర్ల సమ్మతి లేనిదే నెలకొల్పరాదని శాసించినది.

ఓటర్లు సులభముగా సమ్మతించిరనుకొనరాదు. 2003 డిసెంబరు 7న అడిగినప్పుడు గ్వాడెలూప్ ప్రజలు నూటికి డెబ్బదిమందికి మించి వలదనిరి. మార్టినిక్‌లో వలదన్నవారు నూటికి ఏబది దాటి ఒక అర మాత్రమే. 2010 జనవరి 10న మార్టినిక్, గయానా ప్రజలను మరియొకటి అడిగిరి: మీకు స్వయంపాలన కావలెనా యని. రెండు చోట్లను పెద్ద సంఖ్యలో వలదనిరి. పదునాలుగు దినములు గడచిన పిదప, స్వయంపాలన మాట విడిచి, ఉన్న రెండు సభలను కలిపి యొక్కటి చేయుదుమా యని అడుగగా, మార్టినిక్‌లో నూటికి 68 మంది, గయానాలో 57 మంది సరే యనిరి. అయితే మార్టినిక్‌లో ఆనాడు ఓటుపెట్టెకడకు నడచినవారు అర్హులలో మూడవ వంతుకు కొంచెము మించినవారే. గయానాలో అంతకును తక్కువ. ప్రజాభిప్రాయమను మాటను పూజించువారు ఈ సంఖ్యను మరువరాదు. 2011లో చట్టమైనది, 2015 డిసెంబరులో క్రొత్త సభలకు ఎన్నికలు జరిగినవి. మార్టినిక్‌కు 51 మంది సభ్యులు గల శాసనసభ వంటి సభయు, దానికి జవాబుదారియైన తొమ్మండుగురు సభ్యుల కార్యనిర్వాహక మండలియు ఏర్పడినవి.

కోర్సికా కథ ఇంకను విచిత్రము. ఒకప్పుడు ఒకే డిపార్టుమెంటుగా నున్న ఆ ద్వీపమును 1976లో రెండుగా చీల్చి, 2003 జూలైలో మరల కలుపుదుమా యని అడిగిరి. నూటికి 51 మంది వలదనిరి. పండ్రెండేండ్లు గడచినవి. 2015 ఆగస్టు చట్టము ఈసారి ఎవ్వరిని అడుగక కలుపుటకు నిర్ణయించినది; 2018 జనవరి 1 నుండి అచ్చట 63 మంది సభ్యుల ఒకే సభ పాలించుచున్నది. ఆల్సేస్‌లో 2013 ఏప్రిల్ 7న ఇట్టి విలీనమును గూర్చియే అడుగగా ఒక డిపార్టుమెంటు ప్రజలు ఔననిరి, ఒక డిపార్టుమెంటు ప్రజలు కాదనిరి. ఔనన్నచోటను చట్టము కోరినంతమంది రాలేదు. కనుక ఫ్రెంచివారు ప్రతిసారి ప్రజలమాట విని నడచుకొనిరని పొగడుటయు సరికాదు. రీయూనియన్ నేటికిని రెండు సభలతోనే యున్నది. మన గోదావరి తీరపు యానాము నుండి 1828లోనే తెలుగు కూలీలను ఓడ నెక్కించి తీసికొనిపోయిన ద్వీపమది; ప్రధాన భూభాగపు చట్టములు అచ్చట మార్పు లేకుండ నడువవలెనని 2003 సవరణలో పట్టుపట్టి ప్రత్యేక వాక్యమును చేర్పించిన సెనేటరు జాఁ-పాల్ విరపుల్లే భారతీయ సంతతివాడే. ఒకే రాజ్యాంగమున ఒక ద్వీపము విలీనమును కోరి సాధించుకొనగా వేరొక ద్వీపము యథాస్థితిని కోరి నిలుపుకొన్నది.

ఇక నేను చెప్పదలచిన లోతైన భేదము. 1982 వరకు ఫ్రాన్సున డిపార్టుమెంటు పాలకుడు పారిస్ పంపిన ప్రిఫెక్టు. ఆ సంవత్సరపు చట్టము రీజియనుకు సభ నిచ్చుటతో ఆగక, డిపార్టుమెంటు కార్యనిర్వహణమును ప్రిఫెక్టు చేతినుండి తీసి, ఎన్నికైన సభాధ్యక్షుని చేతిలో పెట్టినది. ప్రిఫెక్టు పర్యవేక్షకుడుగా మిగిలెను. తరువాత ముప్పదేండ్లకు సభలను కలిపినప్పుడు కలిసినవి నిజమైన రెండు అధికారములు: ఉద్యోగులు, రోడ్లు, పాఠశాల భవనములు, పన్నులు. మన యొద్ద ప్రిఫెక్టుకు సాటివాడు కలెక్టరు. అతని చేయి నూరేండ్లుగా కదలలేదు. ఆ చేతి క్రింద మాత్రము సభలను కలుపుచు, విడదీయుచు, పేర్లు మార్చుచు వచ్చితిమి.

కనిగిరి నెల్లూరు జిల్లాలో ఒక తాలూకాగా నున్న దినములలో, 1884 నాటి మద్రాసు స్థానిక బోర్డుల చట్టము జిల్లాకు జిల్లా బోర్డును, దాని క్రింద తాలూకా బోర్డులను, పెద్ద గ్రామములకు యూనియన్లను ఏర్పరచినది. బాటలు, సత్రములు, వైద్యశాలలు, ప్రాథమిక పాఠశాలలు వీని కార్యములు. అర్ధశతాబ్దము నడచిన ఈ మూడు మెట్లలో నడిమి మెట్టును 1934లో, ఆర్థికమాంద్యము దేశమును పీడించుచున్న కాలమున, బొబ్బిలి రాజావారి మంత్రివర్గము తీసివేసినది. తాలూకా బోర్డుల ఆస్తులు, అప్పులు, బడులు, బాటలు జిల్లా బోర్డులో కలిసినవి. మన ప్రాంతమున రెండంచెల పాలనను ఒక్కటి చేసిన తొలి సంఘటన ఇదే యని నా తలంపు. దీని ఫలిత మేమి? కనిగిరి రైతు తన ఊరి బాటను గూర్చి మొర పెట్టుకొనుటకు తాలూకా కేంద్రమునకు పోవుటకు బదులు, రెండు మూడు మజిలీల దూరమున నున్న నెల్లూరికి పోవలసి వచ్చినది. దూరము పెరిగినందున మొర తగ్గినది. మొర తగ్గినందున ఖర్చు తగ్గినట్లు కనబడినది. విలీనమువలన పొదుపగునని లెక్కలు చూపువారు ఈ రకపు పొదుపును ఏ పద్దున వ్రాయుదురో తెలియదు.

పాతికేండ్లకు చక్రము తిరిగినది. బల్వంతరాయ్ మెహతా సంఘము 1957లో మూడంచెలు కావలెననగా, రాజస్థానము వెనువెంటనే ఆంధ్రప్రదేశము 1959లో పంచాయతీ సమితులను, జిల్లా పరిషత్తులను నెలకొల్పినది. అక్టోబరు నెలలో షాద్‌నగరమునకు నెహ్రూ స్వయముగా వచ్చి ఆ వ్యవస్థను ఆరంభించెను. పాతికేండ్ల క్రిందట తీసివేసిన నడిమి మెట్టు ఈసారి అన్నింటికంటె బలమైన మెట్టుగా తిరిగివచ్చినది. ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయుల నియామకములు, బదిలీలు సమితి చేతిలో నుండుటచే, సమితి అధ్యక్షుడు ఆ దినములలో శాసనసభ్యునితో సమానుడై తిరిగెను. ఆ అధికారమును ఎందరు సద్వినియోగము చేసిరను విషయము వేరు. ఊరి గుంపుల తగవులలో ఉపాధ్యాయులు చదరంగపు పావులైరని ఆనాటి వారు చెప్పుకొనిన మాట అబద్ధము కాదు. కాని అధికారము ఉండినది, తప్పు చేయుటకు చాలినంత ఉండినది. జిల్లా స్థాయిలో మాత్రము ఆంధ్రప్రదేశము ఒక జాగ్రత్త పడినది: పరిషత్తుకు అధ్యక్షుడు ఎన్నికైనవాడే యైనను, దాని స్థాయీసంఘములన్నింటికిని అధ్యక్షుడు కలెక్టరు. పేరు ప్రజలది, బల్ల మొదటి కుర్చీ దొరది.

1970 ఫిబ్రవరి 2న గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల నుండి తాలూకాలను చీల్చి ఒంగోలు జిల్లాను చేసి, 1972లో దానికి ప్రకాశము పేరు పెట్టినప్పుడు, కనిగిరి, పొదిలి, దర్శి, కందుకూరు నెల్లూరి నుండియు, మార్కాపురము, గిద్దలూరు కర్నూలు నుండియు వచ్చినవి. ఒంగోలు చుట్టు నున్న పత్తి, మిరప నేలలకును, నీరు లేక పొగాకు, కంది, మెట్టపంటలతో బ్రతుకు పడమటి నేలలకును ఒకే పరిషత్తు ఏర్పడినది. దూరము తగ్గిన మాట నిజము. కనిగిరికి ఒంగోలు సుమారు ఎనుబది కిలోమీటర్లు మాత్రమే. కాని తూర్పు, పడమరల మధ్య ఏది ముందు, ఏది వెనుక యను వాదము ఆనాడే పుట్టినది.

అటుపిమ్మట వచ్చిన మార్పు తక్కిన వానికంటె పెద్దది, ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వము చేసినది. 1984 జనవరిలో మునసబు, కరణముల వంశపారంపర్య పదవులు రద్దయినవి. 1985లో తాలూకాలు, ఫిర్కాలు పోయి, రాష్ట్రమంతట 1,100కు పైగా మండలములు వెలిసినవి. కనిగిరి ప్రాంతమున కనిగిరి, హనుమంతునిపాడు, వెలిగండ్ల, పెదచెర్లోపల్లి, పామూరు, చంద్రశేఖరపురము. 1978 నాటి అశోక్ మెహతా సంఘము రెండంచెలు చాలును, గ్రామములను గుంపుచేసి మండల పంచాయతీలు పెట్టుడని సూచించినది. మన ప్రభుత్వము ఆ పేరును గైకొని, గ్రామ పంచాయతీని ఉంచి, మూడు వందలకు పైగా నున్న సమితులను మాత్రము చిన్న చిన్న ముక్కలుగా కోసినది. 1986 చట్టముతో సమితి మండల ప్రజా పరిషత్తు అయినది. 1987లో మండలాధ్యక్షుని, జిల్లా పరిషత్ అధ్యక్షుని ప్రజలే నేరుగా ఎన్నుకొనిరి. సంతకమునకు, ధ్రువపత్రమునకు, పాసుపుస్తకమునకు తాలూకా కచేరి చుట్టు తిరిగిన రైతు, సైకిలు దూరమున కార్యాలయమును చూచెను. దీనిని చిన్న మేలనువాడు పల్లెలో ఉండినవాడు కాడు.

అయితే కార్యాలయము దగ్గరకు వచ్చుట వేరు, అధికారము దగ్గరకు వచ్చుట వేరు. సమితి పెద్దది గనుక ఒక ఇంజనీరును, నలుగురు విస్తరణాధికారులను, ఒక జీపును పోషించుకొనగలిగినది. మండలము ఇరువది ముప్పది గ్రామముల ముక్క, దానికి తనదను రాబడి లేదు. ఫ్లోరైడు నీటితో ఎముకలు వంగిపోవు కనిగిరి పల్లెలకు మంచినీరు తెచ్చుట ఏ ఒక్క మండలమునకైనను శక్యమగు పని కాదు. పైపు ఆరు మండలములు దాటి రావలసి యున్నప్పుడు నిర్ణయము జిల్లాకో, రాజధానికో పోక తప్పదు. పైగా అదే 1986 చట్టము జిల్లా పరిషత్తు నెత్తిన జిల్లా ప్రణాళిక, అభివృద్ధి సమీక్షా మండలి యను దానిని కూర్చుండబెట్టి దానికి మంత్రిని అధ్యక్షుని చేసినది. ఆ కాలముననే కర్ణాటకమున వేరొక ప్రయోగము నడచినది. అచ్చటి 1983 చట్టము 1987లో అమలునకు రాగా, జిల్లాలోని అభివృద్ధి శాఖలన్నియు పరిషత్తు క్రిందికి వచ్చినవి. పరిషత్తు అధ్యక్షునికి సహాయమంత్రి హోదా నిచ్చి, అతని క్రింద కలెక్టరుకంటె పెద్దవాడగు అధికారిని ముఖ్య కార్యదర్శిగా నియమించిరి. బళ్ళారి, రాయచూరు, కోలారు జిల్లాల తెలుగువారు కొన్ని సంవత్సరములు ఎన్నికైనవానిముందు అధికారి లేచి నిలుచుట చూచిరి. మనము చూడలేదు.

డెబ్బదిమూడవ రాజ్యాంగ సవరణ 1993లో అమలునకు వచ్చి, ఇరువది లక్షలకు మించిన జనాభా గల ప్రతి రాష్ట్రమునకును నడిమి అంచె తప్పనిసరి చేసినది. కనుక 1934లో బొబ్బిలివారు చేసినట్లు ఏ ప్రభుత్వమైనను మండల పరిషత్తును నేడు రద్దుచేయజాలదు. కాని కొట్టివేయక పస్తులుంచవచ్చును. 1994 చట్టము తరువాత మండలాధ్యక్షుని, జిల్లాధ్యక్షుని ఎన్నిక మరల పరోక్షమైనది. ఎంపీటీసీలు మండలాధ్యక్షుని, జెడ్పీటీసీలు జిల్లాధ్యక్షుని ఎన్నుకొందురు. 2015 నుండి ఐదేండ్లు పదునాలుగవ ఆర్థిక సంఘము పల్లెల గ్రాంటు నంతయు గ్రామ పంచాయతీలకే ఇచ్చి, పై రెండంచెలకు పైసయు విదల్పలేదు. పదునైదవ సంఘము వచ్చి ఆ తప్పును దిద్దినది. ఆ ఐదేండ్లు మండల పరిషత్ సమావేశములలో సభ్యులు టీ త్రాగి, అధికారుల నివేదికలు విని, ఇండ్లకు మరలిరి. ఓటు లేకుండ, చట్టము లేకుండ, ఖజానా ఒక్కటే జరిపిన విలీనమిది.

ఏది ఎవరిదో తెలియకుండుట ఈ చరిత్ర యంతటి ఫలము. కనిగిరి చుట్టు ఏ పల్లెకు పోయినను బడి గోడపై పెద్ద అక్షరములతో జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల యనియో, మండల ప్రజా పరిషత్ ప్రాథమిక పాఠశాల యనియో వ్రాసియుండును. లోపల ఉపాధ్యాయుని నియామకము రాష్ట్రపు డీఎస్సీది, జీతము రాష్ట్ర ఖజానాది, బదిలీ విద్యాశాఖ కౌన్సెలింగుది. గోడమీది పేరు మాత్రము పరిషత్తుది. ఆ పేరైనను నిరపాయకరమా యనిన కాదు: ప్రభుత్వ పాఠశాలల ఉపాధ్యాయులకును, పరిషత్ పాఠశాలల ఉపాధ్యాయులకును ఒకే సర్వీసు నిబంధనలు వర్తింపజేయుటకు జరిగిన యత్నములు పదోన్నతుల తగవై, ఏండ్ల తరబడి న్యాయస్థానములలో నలిగినవి. రోడ్ల సంగతియు అంతే. కొంత మేర రోడ్లు భవనముల శాఖది, మలుపు తిరిగినచో పంచాయతీరాజ్ వారిది, ఊరు దాటిన మట్టిబాట పంచాయతీది. వెలిగండ్ల వైపు పోవుచు, గుంతలు పడిన చోట ఆగి, ఈ రోడ్డెవరిదని గొఱ్ఱెలు కాయు ముసలాయన నొకని నడుగగా, “జెడ్పీదో ఆరండ్‌బీదో నాకేం ఎరుక నాయనా, ఓట్లప్పుడు అందరిదీ, వానప్పుడు మాది” అనెను.

మార్టినిక్‌లో ఒకే నేలపై రెండు సభలు ఉండెననుకొని నవ్వుకొంటిమి. 2019 అక్టోబరు 2 నుండి మన గ్రామములందు రెండేసి కార్యాలయములు వెలసినవి: సర్పంచి అధ్యక్షుడైన పంచాయతీ ఒకటి, రాష్ట్రప్రభుత్వము నియమించిన ఉద్యోగులతో గ్రామ సచివాలయ మొకటి. రాష్ట్రమంతటను నగర వార్డులతో కలిపి సుమారు 15,000 సచివాలయములు. పింఛను, ధ్రువపత్రము, పంట నమోదు అన్నియు ఊరిలోనే. సేవ దగ్గరకు వచ్చినది, సందేహము లేదు. కాని ఆ ఉద్యోగులు తమకు లోబడరనియు, ఆర్థిక సంఘపు నిధులు విద్యుత్ బకాయీల క్రింద జమ యగుచున్నవనియు సర్పంచులు వీధికెక్కి మొరపెట్టుకొనిరి. ఫ్రెంచి ద్వీపమున రెండు సభలును ఎన్నికైనవే. ఇచ్చట ఒకటి ఎన్నికైనది, రెండవది పనిచేయునది.

చివరి ఘట్టము నేటిది. 2022 జనవరిలో ప్రభుత్వము క్రొత్త జిల్లాల ముసాయిదాను ప్రకటించి, ఆక్షేపణలకు ముప్పది దినములు గడువిచ్చి, ఏప్రిల్ 4న పదమూడు జిల్లాలను ఇరువదియారు చేసినది. ముప్పది దినముల ఆక్షేపణ మన చట్టములో ఓటుకు బదులు. అర్జీ పెట్టినవాని అర్జీ లెక్కకు వచ్చునే గాని, పెట్టనివాని అభిప్రాయమును అడుగు తావు లేదు. కందుకూరు నెల్లూరికిని, అద్దంకి, పర్చూరు, చీరాల బాపట్లకును పోయినవి; కనిగిరికి రెవెన్యూ డివిజను దక్కినది. మార్కాపురము కేంద్రముగా జిల్లా కావలెనని పడమటివారు అప్పుడే ఉద్యమించిరి. 2025 చివర ప్రభుత్వము ఆ జిల్లాకు పూనుకొన్నది. తెలంగాణములో జిల్లాలను పెంచిన పిదప 2019 ఎన్నికలకు జిల్లా పరిషత్తులను గూడ పెంచి, హైదరాబాదు మినహా జిల్లాకొకటిగా 32 చేసిరి. ఆంధ్రలో 2022లో కలెక్టరులు ఇరువదియార్గురైనను, 2021లో ఎన్నికైన జిల్లా పరిషత్తులు తమ గడువు తీరువరకు పాత పదమూడుగనే నిలిచినవి. ఫలితముగా 2022 తరువాత అద్దంకి జెడ్పీటీసీ కూర్చుండు సభ ఒంగోలులో, అతడు అర్జీ నిచ్చిన కలెక్టరు బాపట్లలో నుండెను. పాలన చీలినది, ప్రాతినిధ్యము అతుకుకొని యున్నది. పాలకులకు ఇది ఏమియు ఇబ్బందిగా తోచకపోవుటయే, జిల్లా పరిషత్తు లేకున్నను జిల్లా నడచునని వా రెరిగియుండుటకు తగిన సాక్ష్యము.

ఆ గడువు 2026తో తీరును. పరిషత్తులను పంచునప్పుడు ఒంగోలులోని భవనములు, బడుల స్థలములు, రోడ్ల పద్దులు, ఉద్యోగుల పింఛను బాధ్యతలు ఏ జిల్లాకు ఎంతయను లెక్కలు తప్పక వచ్చును. 1934లో వచ్చినవి, 1959లో వచ్చినవి, 1970లో వచ్చినవి, గుమాస్తాలు వానిని చక్కగనే తేల్చిరి. ఎన్నడును పంపకమునకు రాని ఆస్తి కలెక్టరు సమీక్షా సమావేశము. జిల్లాలో వ్యవసాయము, మంచినీరు, విద్య, వైద్యము నడచు తీరు నెలనెలకు నిర్ణయమగునది అచ్చటనే. ఫ్రాన్సు 1982లో చేసినట్లు, ఆ కుర్చీలో పరిషత్తు అధ్యక్షుని కూర్చుండబెట్టి, శాఖాధికారులను అతనికి జవాబు చెప్పుకొనువారిని చేసిన పిదప పరిషత్తులు ఇరువదియారైనను సరే, మరల పదమూడైనను సరే, నాకు వాదము లేదు. ఆ కుర్చీ కదలనంత కాలము కనిగిరిని ఒంగోలుతో ఉంచవలెనా, మార్కాపురముతో కలుపవలెనా యను తగవు బస్సు ఛార్జీల తగవే. బస్సు ఛార్జీ పేదవానికి చిన్న సంగతి కాదు గనుక ఆ తగవులో నా ఓటు దగ్గరి ఊరికే.